పద్దెనిమిదో వార్డు ఊపిరి

"పెట్టండి డాక్టర్ గారూ, నాకే పెట్టండి" అంటూ గుంజి అంకారావు చొక్కా కాలరు వెనక్కి లాగి మెడ వంచాడు.

ఈదులకోట నగర పంచాయతీ సమావేశ మందిరంలో ఆ రోజు కుర్చీలన్నీ గోడవారకు జరిపి మధ్యలో ఆసుపత్రి మంచం ఒకటి వేశారు. ఇరవై వార్డుల సభ్యులూ వరసలో ఉన్నారు. సగం మంది ఆడవాళ్ళు. వాళ్ళలో చాలామంది పక్కన మొగుళ్ళు నిలబడి ఉన్నారు. సమావేశాలకు వచ్చేదీ, కుర్చీలో కూర్చునేదీ, అధికారుల మీద అరిచేదీ ఎప్పుడూ వాళ్ళే.

"పద్దెనిమిదో వార్డు సభ్యురాలు గుంజి సామ్రాజ్యం అని ఉంది" అన్నది డాక్టర్ హైమ.

"అది మా ఆడమనిషి. వార్డు ఆడోళ్ళకు రిజర్వైందని పేరు ఆమెది పెట్టాం. పనంతా నాదే. కావాలంటే చైర్మన్ గారినడగండి."

చైర్మన్ యలమందయ్య నవ్వాడు. "నిజమే డాక్టరమ్మా. గెలిచినాక ఆ అమ్మాయి ఈ గడప తొక్కలా."

"జనం ఓటు వేసిన మనిషి మెడకే పట్టీ. మొగుడి మెడకు పెట్టడానికి రూల్సులో చోటు లేదు."

అంకారావు కాలరు వదిలేసి భార్య వైపు చూశాడు. తలుపు పక్కన నిలబడి ఉన్న సామ్రాజ్యం కొంగు బొడ్లో దోపుకుని వచ్చి మంచం మీద బోర్లా పడుకుంది. మెడ వెనక చల్లగా ఏదో తగిలి, చీమ కుట్టినట్టయింది. అంతే.

హైమ కనిపెట్టిన ఈ పట్టీ మొదట ఆసుపత్రి కోసం. మాట పడిపోయిన రోగి చెవి వెనక పప్పుబద్దంత బిళ్ళ అంటిస్తే, అతని ఒంట్లోని బాధ పట్టీ పెట్టుకున్న నర్సు ఒంట్లో తెలుస్తుంది. మనసులో మాటలు రావు. ఆకలి, దాహం, నొప్పి, ఊపిరాడకపోవడం, ఒంటికి సంబంధించినవి మాత్రమే వస్తాయి. ఈ సంగతి ఎవరో పెద్ద అధికారి చెవిన పడింది. ఒక వీధిలో పంపు రాకపోతే జనం వార్డు సచివాలయంలో చెప్పాలి, అక్కడినుంచి అది ఇంజనీరుకూ, ఇంజనీరు నుంచి కమిషనరుకూ, కమిషనరు నుంచి కౌన్సిలు అజెండాకూ ఎక్కాలి. తీర్మానం అయ్యేసరికి వానలు పడతాయి. ఈ మెట్లన్నీ ఎందుకు, వార్డు బాధ నేరుగా సభ్యుడి ఒంట్లోకే వస్తే పోలేదా అన్నాడాయన. సహవేదన పథకం అని పేరు పెట్టి, ప్రయోగానికి ఈదులకోటను ఎంచారు. సచివాలయం ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి బిళ్ళలు అంటించారు. సభ్యులెవరైనా పట్టీ తీసేస్తే పదవి పోతుందని ఉత్తర్వులో రాశారు.

మొదటి రోజుల్లో సామ్రాజ్యానికి వింతగా ఉండేది. తెల్లవారుతూనే మోకాళ్ళు పట్టేసేవి. అవి వార్డులోని ముసలి మోకాళ్ళు, అన్నీ కలిసి. మధ్యాహ్నం బడి గంట కొట్టే ముందు కడుపులో పిల్లల ఆకలి గిలగిలలాడేది. సాయంత్రం దోమలు లేకపోయినా కాళ్ళు గోక్కునేది. అంకారావు చూసి నవ్వేవాడు. కూతురు కావేరి మాత్రం తల్లి పక్కన కూర్చుని "ఇప్పుడేంది అమ్మా? ఇప్పుడు?" అని అడుగుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం చెంబెడు నీళ్ళు తాగినా సామ్రాజ్యం నోరు తడి కాలేదు. ఇంకో చెంబు తాగింది. నాలుక అంగిటికి అంటుకుపోతోంది. చెప్పులేసుకుని వీధిలోకి వచ్చింది. ఎటు నడిస్తే దాహం పెరుగుతుందో చూసుకుంటూ అటే నడిచింది. మెయిన్ రోడ్డు దాటి, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ దాటి, వార్డు చివర గట్టు దాకా వచ్చేసరికి మాట పెగలడం లేదు.

గట్టు కింద పాత క్వారీ గుంత. ఊరి చెత్తంతా అందులోనే పోస్తారు. గట్టు మీద గుడిసెల్లో ఉండేవాళ్ళు ఆ చెత్తలో ఇనుమూ, ప్లాస్టిక్కూ ఏరుకుని బతుకుతారు. ఓట్లప్పుడు అంకారావు ఒకసారి వచ్చిపోయాడు. సామ్రాజ్యం రావడం అదే మొదలు.

పసిపాపను చంకనేసుకున్న ఒక మనిషి ఎదురొచ్చింది. పేరు నాంచారి. "ఎవరు కావాలమ్మా?"

"నీళ్ళు" అన్నది సామ్రాజ్యం. అంతకంటే మాట రాలేదు.

"నీళ్ళా! పంపు రాక ఎన్నాళ్ళయిందో. లారీ అయినా రావట్లా. గుంతలో ఊటే తాగుతున్నాం."

కౌన్సిలు సమావేశం ఆ మర్నాడే. అంకారావు ఎప్పటిలా పద్దెనిమిదో నంబరు కుర్చీలో కూర్చుని పక్కవాళ్ళతో మాట్లాడుతున్నాడు. సామ్రాజ్యం లోపలికి వచ్చి అతని ముందు నిలబడింది.

"కాస్త లేస్తావా అయ్యా. నేను కూకోవాల."

మందిరంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంకారావు ముఖం కందిపోయింది. అయినా భార్య పెదాలు పగిలి ఉండటం చూసి లేచాడు. వెనక గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"గట్టు మీద పంపు రావట్లా" అన్నది సామ్రాజ్యం.

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. "ఫిర్యాదేమీ నమోదు కాలేదండి."

"నా నోరెండిపోతంది. అదే ఫిర్యాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళ మెడల మీదా పట్టీలున్నాయి. బజారు వార్డు సభ్యుడు కాలవల కంపుకు వాంతులు చేసుకుని వచ్చాడు. ఏడో వార్డు సభ్యురాలికి రెండు రోజులుగా ఒకటే చలిజ్వరం. ఆ సమావేశంలో తీర్మానాలు ఎంత చకచకా అయ్యాయంటే రాసే గుమాస్తాకు చెయ్యి నొప్పి పుట్టింది.

గట్టుకు పైపులైను పడింది. నీళ్ళు వదిలిన పూట సామ్రాజ్యం పొయ్యి దగ్గర పప్పు ఎనుపుతోంది. ఉన్నట్టుండి గొంతు చల్లబడింది. ఆ చల్లదనం గుండెల్లోకి, కడుపులోకి దిగింది. ఎంతమంది ఒకేసారి తాగుతున్నారో. ఆమె పప్పుగుత్తి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చింది. జన్మలో ఆమెకు అంత సుఖం తెలియదు.

ఆ చలికాలమంతా ఈదులకోట పేరు పేపర్లలో మోగిపోయింది. డాక్టర్ హైమ పాత లైబ్రరీ గదిని ప్రయోగశాల చేసుకుంది. గోడ మీద తెరలో ఇరవై గీతలు, వార్డుకొకటి. సభ్యుడి పట్టీకి చేరే బాధ పెరిగితే గీత లేస్తుంది, తగ్గితే వాలుతుంది. వారం వారం అన్నీ కిందికి వాలుతున్నాయి. వీలైనప్పుడల్లా హైమ సామ్రాజ్యం ఇంటికి వచ్చి అన్నం తినేది.

"నేను నమ్మేది ఒక్కటేనండి" అన్నదొకసారి, గోంగూర కలుపుకుంటూ. "మనుషులు చెడ్డవాళ్ళు కారు. పక్కవాడి బాధ తెలియదంతే. తెలిస్తే ఊరుకోలేరు."

"నేనట్టానే అనుకుంటన్నా డాక్టరమ్మా" అన్నది సామ్రాజ్యం.

అంకారావు వింటున్నాడు. కుర్చీ పోయిన కొత్తలో కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. ఇప్పుడు భార్య సమావేశానికి పోతే తనే అన్నం వండుతున్నాడు. వీధిలో జనం "సామ్రాజ్యమ్మ గారి భర్త" అంటుంటే మొదట చురుక్కుమనేది, తరవాత అలవాటైంది.

ఎండలు ముదిరాక క్వారీ గుంతలో చెత్త అంటుకుంది. పైకి మంట కనపడదు. అడుగున ఎక్కడో రగులుతూ, పగుళ్ళలోంచి పసుపుపచ్చని పొగ వస్తుంది. ఫైరింజను వచ్చి నీళ్ళు కొట్టి పోయింది. పొగ రెట్టింపైంది.

సామ్రాజ్యానికి దగ్గు మొదలైంది. గట్టు మీద ఎంతమంది ఉన్నారో అంతమంది దగ్గు. మెట్లెక్కలేదు. బిందె ఎత్తలేదు. ఒకటిన్నర మాట మాట్లాడి ఆగి, గాలి పీల్చుకుని మిగతా సగం చెప్పేది. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఒక చిన్న ఊపిరి. పిట్ట ఊపిరిలాగా వడివడిగా, పైపైన కొట్టుకునేది. అది నాంచారి బిడ్డదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హైమ ఆమెను ప్రయోగశాలకు పిలిపించి ఎక్స్‌రే తీయించింది.

"మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి" అన్నది. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు తల దించుకుంది.

"తెలుసు. ఇయ్యి నాయి గాదు గదా."

"కావాలంటే తగ్గించొచ్చు. పట్టీ తియ్యక్కర్లేదు. వచ్చే బాధను పదో వంతుకు దించొచ్చు." హైమ ఎక్స్‌రేను కవర్లో పెట్టింది. "చైర్మన్ గారికి తగ్గించాను. ఇంకా చాలామందికి. పైనుంచి ఫోనొచ్చింది. కాదనలేకపోయాను."

సామ్రాజ్యం గోడ మీది తెర వైపు చూసింది. పందొమ్మిది గీతలు నేల మట్టాన నిద్రపోతున్నాయి. ఒక్కటి మాత్రం నిటారుగా లేచి ఉంది.

"అందుకా, సమావేశాల్లో అందరూ మళ్ళా టీలు తాగుతా కూకుంటన్నారు" అన్నది. దగ్గు తెర వచ్చి వంగిపోయి, మళ్ళీ లేచి, "నాకు తగ్గిస్తే వాళ్ళకు తగ్గుద్దా?" అని అడిగింది.

"లేదు."

"ఐతే వద్దు."

ఆ నెల సమావేశంలో చెత్త గుంత మార్చాలని ఆమె పట్టుబట్టింది. మార్చడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎక్కడికన్నదే చిక్కు. మూడో వార్డులో ప్రభుత్వ భూమి ఉందని కమిషనర్ సుధీంద్ర చెప్పగానే మూడో వార్డు సభ్యుడు బల్ల గుద్దాడు. "మా జనానికి దగ్గులొస్తే ఎవరు మోస్తారు? నా మెడకు పట్టీ లేదనుకున్నారా?" పన్నెండో వార్డు పేరెత్తితే పన్నెండో వార్డు సభ్యురాలు ఏడుపు లంకించుకుంది. ఒక్కొక్క వార్డు పేరూ చదవడం, ఒక్కొక్కరూ లేవడం. ఎవరి భయం వాళ్ళ ఒంట్లోకి రావడానికి పట్టీ అక్కర్లేకపోయింది. విషయం వాయిదా పడింది.

మళ్ళీ వాయిదా పడింది.

సామ్రాజ్యం సగానికి సగం చిక్కిపోయింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. కావేరి బడి మానేసి తల్లి వీపు రుద్దుతూ కూర్చునేది. ఒకరోజు గట్టు మీద ఒక ముసలాయన పోయాడు. ఆ పోయే వేళ సామ్రాజ్యం కూరగాయల బండి దగ్గర ఉంది. అక్కడే నేల మీద కూలబడి, గాలి కోసం నోరు తెరిచి, కళ్ళు తేలేసింది. బండివాడు చచ్చిపోయిందనుకుని కేకలు పెట్టాడు.

"రాజీనామా ఇచ్చెయ్" అన్నాడు అంకారావు ఆ సాయంత్రం. "నీ కాళ్ళు పట్టుకుంటా. పదవీ వద్దు, పాడూ వద్దు."

"నేను దిగితే ఇంకోడొస్తాడు. వచ్చినోడు తగ్గించుకుంటాడు. ఇంక వాళ్ళకెవరుంటారయ్యా?"

కమిషనర్ సుధీంద్ర చెడ్డవాడు కాదు. నెమ్మదస్తుడు, అందరినీ గారు అని పిలుస్తాడు. ఒక ఉదయం మ్యాపు చుట్ట ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు. నట్టింట చాప మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు.

"చూడండి సామ్రాజ్యం గారూ. ఇది మన ఊరి హద్దు. గట్టు ఇదిగో, అంచున ఉంది. నిజానికి పాతరోజుల్లో ఇది ఊళ్ళోది కాదు. పట్టణం అయినప్పుడు కలిపారు." వేలితో గీత గీశాడు. "హద్దును ఇటు జరిపితే గట్టు బయటికి పోతుంది. కౌన్సిలు తీర్మానం చేసి పంపితే ఉత్తర్వు వెంటనే వస్తుందని పైవాళ్ళు మాటిచ్చారు. గట్టు మీద ఉన్నవాళ్ళకీ మంచిదే. పల్లె పథకాలు వర్తిస్తాయి, ఇళ్ళ స్థలాలు వస్తాయి."

"పక్క పంచాయతీ వాళ్ళు కలుపుకుంటారా?"

సుధీంద్ర మ్యాపు మూలన గ్లాసు సర్దాడు. "అది తరవాత చూసుకుంటారు. ముందు ఏ వార్డులోంచి తీస్తున్నామో ఆ సభ్యురాలి సమ్మతి కావాలి. అది లేకపోతే తీర్మానం చెల్లదు."

ఆయన పోయాక అంకారావు లేచాడు. పొయ్యి దగ్గరికి పోయి టీ పెట్టాడు. కావేరే అన్నది, "అమ్మా, చెయ్యెత్తు అమ్మా. నువ్వు చచ్చిపోతావు."

సమావేశం రోజున గాలి ఊరివైపు తిరగలేదు. పొగంతా గట్టు మీదే కూర్చుంది. మెట్లు ఎక్కలేక అంకారావు చేత ఎత్తించుకుని సామ్రాజ్యం మందిరంలోకి వచ్చింది. కమిషనర్ తీర్మానం చదువుతున్నాడు. పరిధి, సర్వే నంబర్లు, ప్రజా ప్రయోజనం. ఆమెకు మాటలు వినపడుతున్నాయి గానీ వాటి మధ్యలో ఆ చిన్న ఊపిరి కొట్టుకుంటోంది. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రావడం లేదు. ఎవరో ఛాతీ మీద రాయి పెట్టి, దాని మీద ఇంకో రాయి పెడుతున్నట్టుంది.

ఇళ్ళ స్థలాల మాట ఆమె నమ్మలేదు. ఆమె ఊపిరితిత్తులు నమ్మాయి.

"పద్దెనిమిదో వార్డు సభ్యురాలు?" అన్నాడు చైర్మన్ యలమందయ్య. ఆయన గొంతులో జాలి కూడా ఉంది.

ఆ చెయ్యి దానంతటది లేవలేదు. ఎవరూ పట్టుకుని లేపలేదు. ఆమే ఎత్తింది. తీర్మానం ఏకగ్రీవం అని గుమాస్తా రాసుకున్నాడు.

ఉత్తర్వు నిజంగానే వెంటనే వచ్చింది. సచివాలయం ఉద్యోగులు గట్టు మీదికి పోయి చెవుల వెనక బిళ్ళలన్నీ ఊడదీసి సంచిలో వేసుకొచ్చారు. వాళ్ళు ఒక్కొక్క గుడిసె దాటుతుంటే ఇక్కడ సామ్రాజ్యం ఛాతీ మీది రాళ్ళు ఒక్కొక్కటే దిగిపోయాయి. చివరికి ఆ చిన్న ఊపిరి కూడా ఆగింది. బిళ్ళ ఊడిందా, బిడ్డే పోయిందా అని ఆమె చప్పున లేచి నిలబడింది. తరవాత గాలి వచ్చింది. చల్లగా, హాయిగా, ముక్కులోంచి పొట్టదాకా. ఆమె మంచం మీద వాలి, మర్నాడు పొద్దెక్కేదాకా కదలకుండా నిద్రపోయింది. అంకారావు మధ్య మధ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు.

పక్క గ్రామ పంచాయతీ వాళ్ళు గట్టు మాకొద్దని తీర్మానం చేసి పంపారు. ఈదులకోట వాళ్ళు అది మాది కాదని జవాబు రాశారు. చెత్త లారీలు మాత్రం ఎప్పటిలా పోతూనే ఉన్నాయి. తెర మీద ఇరవై గీతలూ నేలకు ఆనాయి. ఈదులకోటకు ప్రశాంత పట్టణం అని బిరుదిచ్చారు. బస్టాండు ముందు బోర్డు పెట్టారు.

డాక్టర్ హైమ సామాను సర్దుకుని చెప్పిపోవడానికి వచ్చింది. గడపలోనే నిలబడి ఉంది.

"వేరే జిల్లాల్లో కూడా పెడతారట. నన్ను రమ్మన్నారు. నేను రానన్నాను. నేను లేకపోయినా పెడతారు, వాళ్ళకు విద్య తెలిసిపోయింది." తలుపు పట్టుకుని, "నేను నమ్మింది తప్పా, సామ్రాజ్యం గారూ?" అని అడిగింది.

"తప్పేం గాదు. బాధ తెలిస్తే మనిషి ఊరుకోడు డాక్టరమ్మా. వదిలించుకుంటాడు. నేను వదిలించుకోలా?"

హైమ సంచి భుజానికి తగిలించుకుంది. ఆటో హారన్ కొడుతుంటే వెళ్ళిపోయింది.

నాంచారి వచ్చింది వానలు మొదలయ్యే ముందు. మధ్యాహ్నం భోజనాల వేళ. పాపను భుజాన వేసుకుని గుమ్మం బయట నిలబడింది.

"అక్కా, సచివాలయంలో మందులు ఇయ్యం అంటన్నారు. మీరు మా వార్డు గాదంటన్నారు. అవతల ఊరికి బోతే మీరు ఈదులకోటోళ్ళేనంటన్నారు."

సామ్రాజ్యం చెయ్యి కడుక్కుని గబగబా వచ్చింది. "ఏమైంది పాపకు?"

నాంచారి ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. అర్థం కానట్టు.

"ఏమైందా? నీకు తెలవదా అక్కా?"

సామ్రాజ్యం గడప దాటి దగ్గరికి వచ్చింది. పాప పక్కటెముకల మీద చెయ్యి పెట్టింది. అవి ఎగిరెగిరి పడుతున్నాయి. వేళ్ళకు తెలుస్తోంది. వేళ్ళకు తప్ప ఇంకెక్కడా తెలియడం లేదు.

"ఈయన్ని ఆటో పిలవమంటా. పెద్దాసుపత్రికి తీసకపోదాం."

"తీసకపోయా. మళ్ళా తెచ్చేది ఆ పొగలోకే గదా." నాంచారి పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. "నువ్వు చెయ్యెత్తావంట గదా?"

"ఎత్తా."

"ఓర్చుకోలేకపోయినావా?"

"లేకపోయా."

నాంచారి తలూపింది. ఓర్చుకోలేకపోవడం ఏమిటో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "మేం ఎవరి ముందు ఎత్తాల అక్కా, చెయ్యి?" అన్నది. జవాబు కోసం నిలబడలేదు. కొంగు పాప ముఖం మీద కప్పుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచింది.

సామ్రాజ్యం ఆమె మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది. అంకారావు విస్తరి ముందు ఆగి ఉన్నాడు. ఏమిటన్నట్టు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి కూర్చుంది. కావేరి చారు పోసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగదనుకుంది సామ్రాజ్యం. దిగింది. ఆకలి ఆమెదే, గట్టి ఆకలి. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది.